జిడ్డు తల, టిష్యూ ముక్కలు: చెన్నై వేళచ్చేరి ఇంట్లో తొమ్మిది వారాల డైరీ

జూన్ 8, ఆదివారం

మా పాప తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. స్కూలు తెరిచిన మొదటి వారంలోనే, శుక్రవారం సాయంత్రం వ్యాన్ దిగి, సంచి హాల్లో పడేసి నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్లిపోయింది. అరగంటకి బయటికొస్తే తలంతా తడి. ఆ వారంలో అది నాలుగో తలస్నానం. ఏమైందే అంటే ఏం లేదంది. రాత్రి లైటు ఆర్పాక పక్కలో పడుకుని చెప్పింది. వెనక బెంచీ పిల్ల దీని జడ పట్టుకుని లాగి, వేళ్లు చూసుకుని, కర్చీఫ్ తీసి తుడుచుకుందట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ జడ వేసింది నేను, ఆ నూనె రాసిందీ నేనే. స్కూలు నియమాల్లో రెండు జడలు మడిచి కట్టాలి, తలకి నూనె రాసి దువ్వాలి అని ఉంది. మా అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న కూడా అదే: "పాప తలకి నూనె పెట్టావా?" పెడుతూనే ఉన్నాను. తల జిడ్డుగా ఉంటోందని పాప అంటే, "ఎండలకి చెమట పడుతోంది, వారానికి రెండుసార్లు పోసుకో, రోజూ పోసుకుంటే జుట్టు ఊడిపోతుంది" అని నేనే సర్దిచెప్పాను.

నిన్న ముగ్గుర్ని సలహా అడిగాను. పై అంతస్తు ఆవిడ రోజూ కడిగితే జిడ్డు ఇంకా ఎక్కువ ఊరుతుందంది. ఆఫీసులో ఒకమ్మాయి కడక్కుండా నెల రోజులు ఓపిక పడితే తలే అలవాటు పడుతుందంది. మా ఆడపడుచు శీకాయ తప్ప ఏదీ ముట్టుకోవద్దంది. ముగ్గురూ నమ్మకంగానే చెప్పారు. నేను పనిచేసేది ఆడిట్ ఆఫీసులో. లెక్క రాసి చూడనిది ఏదీ నాకు ఒంటబట్టదు. అందుకే ఇవాళ పాపని కూర్చోబెట్టి, ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీసి, మనమే కొలిచి చూద్దాం అన్నాను. మొదట విసుక్కుంది. స్కేలు తానే తెచ్చుకుంది.

పద్ధతి ఇది. హోటల్లో ఇచ్చే పల్చటి టిష్యూ పేపరుని రెండు సెంటీమీటర్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించాం. తల నడినెత్తిన పాపిట తీసి, ముక్కని అక్కడ పెట్టి, పది అంకెలు లెక్కపెట్టేదాకా వేలితో నొక్కి పట్టాలి. తర్వాత కిటికీ వెలుతురుకి ఎత్తి చూడాలి. నూనె తగిలినచోట కాగితం అద్దంలా అవుతుంది. ఆ మచ్చ అడ్డకొలత మిల్లీమీటర్లలో రాయాలి. తలస్నానం చేసిన 12, 24, 36, 48 గంటలకి ఒక్కో ముక్క. చెమటపట్టి ఉంటే తీయకూడదు, ఫ్యాను కింద పది నిమిషాలు ఆరాలి. నీటి మచ్చ ఆరిపోతుంది, నూనె మచ్చ ఆరదు కాబట్టి కాసేపు ఆగి కొలిస్తే తేడా తెలుస్తుంది. నోట్‌బుక్‌లో గమ్‌తో అంటిస్తే గమ్మే మచ్చలా కనిపించింది, అందుకని స్టేప్లర్ కొడుతున్నాం.

ఈ వారం మాత్రం తలకి బయటి నూనె వద్దు. లేకపోతే కొలిచేది కొబ్బరినూనెని అవుతుంది.

జూన్ 11

మొదటి లెక్కలు. ఆదివారం సాయంత్రం ఆరింటికి తలస్నానం. పొద్దున ఆరింటికి 6 మిల్లీమీటర్లు. సోమవారం సాయంత్రానికి 11. మంగళవారం పొద్దునకి 15. మంగళవారం సాయంత్రం ముక్క మొత్తం, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పారదర్శకం. బీసెంట్ నగర్ బీచిలో బజ్జీలు పొట్లం కట్టిచ్చే కాగితం ఎలా ఉంటుందో అలా. పక్కన నా తల ముక్క స్టేపుల్ చేశాం. అదే రోజు, అదే షాంపూ, అవే నీళ్లు, 48 గంటలకి నాది 3 మిల్లీమీటర్లు.

పాప ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు చూసింది. "అయితే నేను శుభ్రంగా కడుక్కోకపోవడం వల్ల కాదన్నమాట" అంది. ఆ మాట విన్నాక నోట్‌బుక్ మూసి దాని తల దగ్గరకి తీసుకున్నాను. ఇన్ని రోజులూ మనసులో అదే పెట్టుకుని ఉంది.

దానికి చెప్పింది ఇక్కడా రాసిపెడతాను. ప్రతి వెంట్రుక కుదురు పక్కన సెబేషియస్ గ్రంథి ఉంటుంది. అందులోని కణాలు కొవ్వుతో నిండి, పగిలి, ఆ కొవ్వంతా వెంట్రుక వెంబడి బయటికొస్తుంది. దాన్నే సీబమ్ అంటారు. ట్రైగ్లిజరైడ్లు, మైనం లాంటి ఎస్టర్లు, స్క్వాలీన్ దాంట్లో ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో ఈ గ్రంథులు అసలు లేవు. ముఖం మీద, నెత్తి మీద చదరపు సెంటీమీటరుకి వందల్లో ఉంటాయి. ఇవి ఎంత పనిచేయాలో చెప్పేవి ఆండ్రోజెన్ హార్మోన్లు. యుక్తవయసులో అవి పెరుగుతాయి, గ్రంథులు పెద్దవవుతాయి. నలభై దాటిన నా తలకీ పద్నాలుగేళ్ల దాని తలకీ తేడా అక్కడుంది. పైగా దాని జుట్టు తీగలా నిటారుగా ఉంటుంది. ఉంగరాల జుట్టులో అయితే నూనె మలుపుల దగ్గర ఆగుతుంది, నిటారు జుట్టులో కుదురు నుంచి కిందికి సులువుగా జారుతుంది.

జూన్ 16

నూనె మానేశామని అమ్మకి చెప్పాను. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట లేదు. తర్వాత, "ఏందే, ఆడపిల్ల తల ఎండబెడతావా? చెన్నై వేడికి కళ్లు మంటలెత్తవా? మీ ఇద్దరి తలలకీ పెట్టిపెట్టి పెంచాను కదా!" అంది. కోపం కాదు, బాధ. మాకు శనివారం తలంటంటే అమ్మ మోకాళ్ల మధ్య కూర్చోవడం, నూనె ఇంకేదాకా మాడు మీద అరచేత్తో తట్టడం, కుంకుడు రసం కళ్లలో పడి ఏడవడం, చివర్లో సాంబ్రాణి పొగ. అదంతా కాదనాలని నాకూ లేదు. కానీ నా తల చిన్నప్పుడూ పొడిగానే ఉండేది, అమ్మది ఇప్పటికీ పొడే. పాపకి వాళ్ల నాన్న తల వచ్చింది. పదహారేళ్లప్పుడు ఆయన క్రాఫు కూడా మధ్యాహ్నానికి అతుక్కుపోయేదట.

అమ్మ కోసం ఒక రాజీ ఆలోచించాను. కొబ్బరినూనె వెంట్రుకకి మేలు చేస్తుందన్నది ఉత్త నమ్మకం కాదు. 2003లో మన దేశంలోనే చేసిన పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూశారు. కడగడానికి ముందు, తర్వాత రాసినప్పుడు వెంట్రుక ప్రోటీన్ నష్టం తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం చిన్న, నిటారు అణువు, అది వెంట్రుక లోపలికి దూరగలదు. అయితే ఆ మేలంతా వెంట్రుకకి, మాడుకి కాదు. పాప మాడుకి సొంత నూనె సరిపడా ఉంది. కాబట్టి తలస్నానానికి గంట ముందు, చెవుల కింద నుంచి జడ కొసదాకా మాత్రమే నూనె. వారానికి ఒకసారి. అమ్మ "సరేలే, అదన్నా పెట్టు" అంది.

జూన్ 19

స్కూలుకి వెళ్లి క్లాస్ టీచర్‌ని కలిశాను. జరిగింది పేర్లు లేకుండా చెప్పాను. నోట్‌బుక్ తీసి ముక్కలు చూపించాను. ఆవిడ ఓపికగా చూసి, జడ నీట్‌గా ఉంటే చాలు, నూనె రాయకపోతే ఏమీ అనం అన్నారు. ఇంత చిన్న మాట అడగడానికి రెండేళ్లు ఎందుకు ఆగానో అని బస్సులో వస్తూ అనుకున్నాను.

జూన్ 22, ఆదివారం

ఈ వారం నీళ్ల సంగతి. మా అపార్ట్‌మెంట్లో సంపులోకి బోరు నీళ్లూ, మెట్రో వాటరూ (ఊరికి నీటి బోర్డు పంపే నీళ్లు) రెండూ పడతాయి. మెట్రో వాటర్ రాని రోజు ఉత్త బోరే. బకెట్ అంచున తెల్లటి పొర, కుళాయి మూతికి సున్నం లాంటి గడ్డ. ఈ నీళ్ల వల్లే జుట్టు జిడ్డు కాబోలని నాకు గట్టి అనుమానం.

పాప రెండు సీసాలు తెచ్చింది. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో వంటకి పట్టి ఉంచిన మెట్రో వాటర్. రెండింట్లో ఒకే కొలత బట్టల సబ్బు తురుము వేసి మూత పెట్టి ఊపింది. మెట్రో వాటర్ సీసాలో సగందాకా నురగ. బోరు సీసాలో నురగ లేదు, పైన తెల్లటి తరకలు, విరిగిన పాలలా. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థమైపోతాయి. తలకి సబ్బు రుద్దుకునేవాళ్లకి ఆ తరకలే జుట్టుకి పట్టి మైనంలా ఉంటాయి. వాళ్ల నాన్న ఇన్నేళ్లూ ఒంటి సబ్బే తలకీ రుద్దుకుంటున్నారు! ఆ పూటే మానిపించాం.

షాంపూలో ఉండేది సబ్బు కాదు, సోడియం లారెత్ సల్ఫేట్ లాంటి డిటర్జెంట్లు. వాటికి బోరు నీళ్లతో ఈ తరకలు అంతగా రావు. కానీ ఉప్పులు వెంట్రుక మీద కొద్దికొద్దిగా పేరుకుంటాయి, జుట్టు బిరుసెక్కుతుంది. మా ముక్కల్లో బోరు నీళ్లతో కడిగిన వారానికీ, మెట్రో వాటర్‌తో కడిగిన వారానికీ 24 గంటల మచ్చ 11, 11. అంటే నీళ్లు జిడ్డుని పెంచలేదు. నా అనుమానం తప్పు. బిరుసుతనం మాత్రం నీళ్లదే. ఇప్పుడు స్నానమంతా కుళాయి నీళ్లతో, ఆఖరి రెండు చెంబులు మెట్రో వాటర్‌తో.

ఇంకో మాట. ఆర్‌ఓ మిషన్ నుంచి పైపులో బయటికి పోయే నీళ్లు వృథా కాకుండా తలస్నానానికి వాడుకోవచ్చని చాలామంది అంటారు. మిషన్ తీసేసిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. అవి బోరు నీళ్లకంటే కఠినం. బాత్రూమ్ కడగడానికి వాడండి, తలకి వద్దు.

పాప సీసా ఎత్తి పట్టుకుని, "ఈ నీళ్లు ఎక్కడివమ్మా?" అంది. పూండి, చెంబరంబాక్కం, వీరాణం చెరువులు, నెమ్మేలిలో సముద్రం నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, ఏ రోజు ఎక్కడివి వస్తాయో చెప్పలేం అన్నాను. పూండికి మన నెల్లూరు వైపు కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో కృష్ణ నీళ్లు వస్తాయని కూడా చెప్పాను. "అయితే అమ్మమ్మ పంపించినట్టే" అంది.

జూన్ 29, ఆదివారం

శీకాయ వారం. మైలాపూర్‌లో నాట్టు మరుందు కడైకి, అంటే నాటు మందుల కొట్టుకి వెళ్లాం. ఎండు శీకాయలు, పొడి, పక్కనే అరప్పు. అరప్పు అంటే ఉసిలై అనే చెట్టు ఆకుల పొడి, ఆకుపచ్చగా, ఎండు మెంతాకు వాసనకి దగ్గరగా ఉంటుంది. తమిళుల ఇళ్లలో నూనె స్నానానికి అదీ వాడతారు. శీకాయలో, అరప్పులో, మన కుంకుడుకాయలో జిడ్డు తీసేవి సాపోనిన్లు. ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఒక కొస నూనెని పట్టుకుంటుంది. షాంపూ చేసే పనీ అదే.

బుధవారం శీకాయ గంజిలో కలిపి రుద్దాను. మా అమ్మ పద్ధతి, గంజి ఉంటే పొడి జారకుండా తలకి పడుతుంది. శుక్రవారం అరప్పు. జిడ్డు బాగానే పోయింది, ఆ విషయంలో వంక పెట్టను. జుట్టుకి ఆ మెరుపు, ఆ వాసన షాంపూకి రావు. కానీ నడుము దాకా ఉన్న జుట్టులోంచి పొడి వదిలించడానికి తొమ్మిది చెంబులు పట్టింది. మర్నాడు దువ్వుతుంటే పాపిటలో మట్టిరంగు నలకలు. స్కూలు రోజు అది కుదిరే పని కాదు.

ముఖ్యమైన సంగతి ముక్కల్లో ఉంది. శీకాయ తర్వాత 24 గంటలకి 11. అరప్పు తర్వాత 10. షాంపూ తర్వాత 11. దేనితో కడిగినా తల తన వేగంతో తాను నూనె ఊరిస్తూనే ఉంది. గ్రంథికి బయట ఏం రుద్దామో తెలియదు, దానికి ఆజ్ఞ రక్తంలోంచి వస్తుంది.

జూలై 6, ఆదివారం

రెండు వారాలు రోజు విడిచి రోజు కడిగాం. ఈ వారం రోజూ కడిగి చూశాం. పై అంతస్తు ఆవిడ చెప్పిన ప్రకారం ఈపాటికి నూనె ఎక్కువ ఊరాలి. సోమవారం నుంచి శనివారం దాకా 24 గంటల మచ్చలు: 11, 12, 11, 10, 11, 11. పెరగలేదు. కడగడం మానేస్తే తల అలవాటు పడుతుందన్న మాటని పాప మీద పరీక్షించే ధైర్యం నాకు లేదు, మూడో రోజుకే అది ఏడుస్తుంది. అద్దంలో మొదట కనిపించేది గ్రంథి వేగం కాదు, పేరుకున్న నూనె. 24 గంటల నూనెకీ 72 గంటల నూనెకీ ఉన్న తేడానే క్లాసులో కర్చీఫ్ బయటికి తీయించింది.

కడిగే తీరు కూడా మారింది. ఇదివరకు షాంపూ నేరుగా నెత్తిన పోసి, జుట్టంతా మెలితిప్పి రుద్దేది. ఇప్పుడు చెంబులో అర చెంచా షాంపూకి అర గ్లాసు నీళ్లు కలిపి, మాడు మీద మాత్రం పోసి, గోళ్లు తగలకుండా వేలి కొసలతో. చెవుల వెనక, మెడ గుంట దగ్గర ఇంకాస్త సేపు. నురగ కిందికి జారుతూ జడ కొసల్ని అదే కడుగుతుంది, వాటిని రుద్దక్కర్లేదు. కండిషనర్ చెవుల కింద మాత్రమే. ముందు అది నెత్తికి కూడా రాసేది. కండిషనర్‌లో ఉండే సిలికాన్, కొవ్వు ఆల్కహాళ్లు కుదుళ్ల దగ్గర ఉంటే కడిగిన గంటకే తల అతుక్కుపోతుంది.

సమయం మార్చడం ఇంకా పెద్ద మేలు చేసింది. పొద్దున ఆరింటికి తల తడిపి, ఏడుంపావుకి తడి జడ అల్లేసి పంపేదాన్ని. ఈ ఊరి ఉక్కకి ఆ జడ మధ్యాహ్నం దాకా ఆరదు, విప్పితే ముక్కిన వాసన. ఇప్పుడు సాయంత్రం స్కూలు నుంచి రాగానే స్నానం, మేడ మీదికి వెళ్లి జుట్టు విరబోసుకుని పుస్తకం పట్టుకుంటుంది. ఐదున్నర తర్వాత సముద్రం గాలి మొదలైతే ముప్పావు గంటలో ఆరిపోతుంది.

జూలై 9

ఒక దెబ్బ తగిలింది. నేను ఆఫీసులో ఉండగా పాప ఫోన్‌లో ఏదో వీడియో చూసి, వంటసోడా నీళ్లలో కలిపి తలకి పట్టించి, పది నిమిషాలు ఉంచి, మీద నిమ్మరసం పిండుకుంది. నేను వచ్చేసరికి నుదుటి అంచున ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే మంట అంటోంది. చల్లటి నీళ్లతో బాగా కడిగి, ఏమీ రాయకుండా వదిలేశాను. రాత్రికి మంట తగ్గింది.

తిట్టలేదు. వంటసోడా తీసుకుని దానితోనే వివరించాను. చర్మం కొద్దిగా ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ సుమారు 5.5. సోడా నీళ్లు 8 దాటి క్షారం. క్షారానికి వెంట్రుక పై పొలుసులు లేస్తాయి, మాడు పై కాపు పోతుంది. నిమ్మరసం 2 దగ్గర, ఒరిసిన చర్మం మీద ఆమ్లం. దోసెల పిండి పొంగడానికి వేసేది నెత్తి మీద వేసుకోకూడదు నాన్నా అన్నాను. "రెండు రోజులు జిడ్డు లేకుండా ఉంటే చాలనుకున్నా" అంది. దానికి ఎంత టెన్షన్ ఉందో నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదని అప్పుడు తెలిసింది.

జూలై 12

మంట పూర్తిగా పోయాక కూడా చెవి వెనక గోక్కుంటోంది. దీపం లాంటి టార్చ్ పెట్టి పాపిట విడదీసి చూశాను. మామూలు చుండ్రులా పొడిగా రాలేది కాదు. పసుపుపచ్చగా, జిడ్డుగా, చర్మానికి అంటుకున్న పొలుసులు, కింద గులాబి రంగు. దువ్వెన పళ్ల మధ్య బూడిదరంగు ముద్ద. సూదితో తీస్తే మైనంలా సాగింది. ఇది నోట్‌బుక్‌తో తేలే పని కాదని చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ తల చూసి, కనుబొమలు, ముక్కు పక్కలు చూసి, తేలికపాటి సెబోరిక్ డెర్మటైటిస్ అన్నారు. మలసీజియా అని ఒక ఈస్టు అందరి తలల మీదా ఉంటుంది. తనకి కావలసిన కొవ్వు తాను తయారు చేసుకోలేదు, మన సీబమ్ మీదే బతుకుతుంది. ట్రైగ్లిజరైడ్లని విడగొట్టి తనకి కావలసినవి తీసుకుని, ఓలియిక్ లాంటి ఆమ్లాల్ని వదిలేస్తుంది. ఆ ఆమ్లం కొందరి చర్మానికి పడదు, పొలుసులు లేస్తాయి. పైనుంచి నూనె రాస్తే పొలుసులు తడిసి కనిపించకుండా పోతాయి, తగ్గాయనుకుంటాం. కింద ఈస్టుకి మాత్రం మేత. రెండేళ్లుగా నేను చేసింది అదే. చుండ్రు అంటే మాడు ఎండిపోవడమని అనుకుని, తెల్లగా కనిపించిన ప్రతిసారీ ఇంకో చెంచా వేసి రుద్దాను.

కీటోకొనజోల్ 2 శాతం షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు, నురగ పట్టించి ఐదు నిమిషాలు అలాగే ఉంచి కడగాలి. వెంటనే కడిగేస్తే మందు పనిచేయడానికి సమయమే ఉండదట. మిగతా రోజుల్లో మామూలు షాంపూ, రోజూ కడిగినా తప్పులేదు అన్నారు. నెలసరి గురించి కూడా అడిగారు. మొదలైన రెండు మూడేళ్లు కాస్త అటూ ఇటూ ఉండటం మామూలే, కానీ నెలల తరబడి రాకపోయినా, మొటిమలు బాగా పెరిగినా, గడ్డం మీద ముదురు వెంట్రుకలు వచ్చినా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉందేమో చూడాలి, అప్పుడు రండి అన్నారు. ఇప్పటికి అవేమీ లేవు. ఇది మా పాపకి చెప్పింది. ఇంకొకరి తలకి వాళ్ల డాక్టరే చూసి చెప్పాలి.

జూలై 20, ఆదివారం

చిన్న పనులు ఈ వారం పూర్తి చేశాం. దువ్వెనలు గోరువెచ్చటి షాంపూ నీళ్లలో పావుగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమాం, ఇక ప్రతి ఆదివారం. దిండు గలీబులు మూడు రోజులకొకటి. రిబ్బన్లు కూడా ఉతకాలని నాకు తోచనే లేదు, తెల్ల రిబ్బను మడత లోపల పసుపు చార ఉంది. ముందు జుట్టు మాటిమాటికీ చేత్తో సర్దుకునే అలవాటు మానడానికి పాప తనంతట తానే రెండు క్లిప్పులు కొనుక్కుంది.

ముల్తానీ మట్టి ఒకసారి వేశాం. నూనె పీల్చింది, మాడు బిగుసుకుపోయినట్టు ఉందంది. ఆపేశాం. స్కూలు కార్యక్రమం ఉన్న రోజు అర చెంచా బియ్యప్పిండి జల్లెడ పట్టి పాపిట మీద చల్లి దువ్వాను. పిండి నూనెని పీల్చుకుంటుంది, ఆ పూట గడుస్తుంది. అది కడగడం కాదు, సాయంత్రం మళ్లీ కడగాల్సిందే.

జూలై 27

నాలుగుసార్లు మందు షాంపూ అయింది. ఐదు నిమిషాలు టైమర్ పెట్టుకుని స్టూలు మీద కూర్చుని పద్యాలు వల్లె వేస్తోంది. చెవి వెనక ఎరుపు పోయింది. టార్చ్‌తో చూస్తే పాపిట తెల్లగా, శుభ్రంగా ఉంది. గోకడం లేదు. 24 గంటల ముక్క మాత్రం 11. డాక్టర్ చెప్పినట్టే, మందు ఈస్టుని తగ్గిస్తుంది, నూనెని కాదు.

మొన్న స్కూలు నుంచి వచ్చి, వెనక బెంచీ పిల్ల తనకీ తల అలాగే ఉంటుందని చెప్పి, నీకెలా తగ్గిందని అడిగిందంది. "ఏం చెప్పావు?" అన్నాను. "టిష్యూ ముక్క కత్తిరించి ఇచ్చా" అంది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతానికి అమ్మ నెల్లూరు నుంచి నిన్ననే వచ్చింది. పొద్దున ఐదింటికి గిన్నెలో కొబ్బరినూనె వెచ్చబెట్టుకుని పీట వేసుకుని కూర్చుంది. "రా తల్లీ, పండగపూట తలంటు లేకుండా ఎట్టా?" పాప వెళ్లి కూర్చుంది, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"అమ్మమ్మా, ముందు నీ తల ఇవ్వు." ముక్క ఒకటి కత్తిరించి అమ్మ పాపిట మీద పెట్టి పది అంకెలు లెక్కపెట్టింది. అమ్మ తలస్నానం చేసి మూడు రోజులైంది. ట్యూబ్‌లైటుకి ఎత్తి చూస్తే మచ్చ ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. పక్కన తన ముక్క పెట్టింది, నిన్న సాయంత్రం కడిగిన తల, 11 గంటలకే 6 మిల్లీమీటర్లు. అమ్మ కళ్లజోడు తెప్పించుకుని రెండింటినీ మార్చి మార్చి చూసింది. పేజీ వెనక్కి తిప్పి నా ముక్క కూడా చూసింది.

"నాకు యాడుంది, దీనికి యాడుంది!" అంది. కాసేపు గిన్నె వైపు చూసింది. "మరి ఇది ఏం చేయను?"

పాప జడ ముందుకి వేసి, చెవి కింద చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడి నుంచి కిందికి. ఎంతైనా పెట్టు."

అమ్మ వేళ్లు నూనెలో ముంచి, జడ విప్పి, కొసల నుంచి మొదలుపెట్టింది. చెవి దాకా వచ్చి ఆగింది. మిగిలిన నూనె పాప తన రెండు చేతులతో తీసి అమ్మమ్మ నడినెత్తిన పెట్టి, అరచేత్తో తట్టడం మొదలుపెట్టింది. నేను కుంకుడు రసం వడగట్టడానికి లోపలికి వెళ్లాను.

ఆగస్టు 10, ఆదివారం

నాలుగు వారాల మందు షాంపూ అయిపోయింది. వచ్చే శనివారం డాక్టర్‌కి చూపించాలి. రోజూ సాయంత్రం తలస్నానం, శనివారం గంట ముందు కొసలకి నూనె, ఆఖరి రెండు చెంబులు మెట్రో వాటర్, ఇంతవరకు స్థిరపడింది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే మేడ మీద జుట్టు ఆరదు, అప్పటికి స్నానం వేళ మళ్లీ చూసుకోవాలి. ముక్కలు ఇక నెలకొకసారి చాలంది పాప. నోట్‌బుక్ అట్ట మీద పేరు రాసుకుంది, దాని కింద అమ్మమ్మ పేరు, నా పేరు.